పక్క ఊరి పాత పారిష్‌ని చదవడం ఎలా (ఐర్లాండ్‌లో ఉన్న మనవాళ్ళ కోసం)

ఐర్లాండ్ వచ్చిన మనవాళ్ళు మొదటి ఏడాదిలోనే క్లిఫ్స్ ఆఫ్ మోహర్ చూసేస్తారు, జెయింట్స్ కాజ్‌వే చూసేస్తారు, ఇంక ఆ తర్వాత ఇండియా నుంచి ఎవరొచ్చినా మళ్ళీ ఆ రెండే, ఫోటోల్లో చుట్టాలు మారతారు గానీ బ్యాక్‌గ్రౌండ్ మారదు. నేనూ ఐదేళ్ళు అదే చేశా. డోనెగల్ వైపు ఇల్లు మారాక ఒక చలికాలం సాయంత్రం రోడ్డు పక్కన కారు ఆపి ఫ్లాస్క్‌లో టీ తాగుతుంటే ఎదురు కొండవాలు మీద దువ్వెనతో దువ్వినట్టు గీతలు కనపడ్డాయి, కింద నుంచి పైకంటా, ఇప్పుడు గొర్రెలు కూడా పెద్దగా పోని చోటు దాకా. గేటు దగ్గరున్న పెద్దాయన్ని అడిగితే అవి బంగాళాదుంపల మళ్ళు, 1845లో దుంపల తెగులుతో మొదలైన పెద్ద కరువుకి ముందువి అన్నారు. అంటే దగ్గర దగ్గర 180 ఏళ్ళ నాటి పార గీతలు ఇంకా అలాగే ఉన్నాయన్నమాట. అప్పట్నుంచి నాకిదే పిచ్చి.

మీరూ చేయొచ్చు. 19వ శతాబ్దంలో మీ పక్కన ఊరు ఎలా ఉండేది, ఎవరు ఎంత నేల దున్నేవాళ్ళు, ఏం తినేవాళ్ళు, ఇదంతా ఒక ల్యాప్‌టాప్, ఒక జత వెల్లీ బూట్లు, రెండు మూడు వీకెండ్లు ఉంటే చాలు. డబ్బు ఖర్చు పెట్రోల్‌కే.

ముందు ఏ పారిష్ అన్నది తేల్చుకోండి

ఇక్కడే నేను ఒక పూట మొత్తం తగలేశా. పారిష్ అంటే మొదట్లో ఒక చర్చి కింద ఉండే ఊళ్ళ పరిధి, ఇక్కడ అవి రెండు రకాలు. చర్చిలో ఫాదర్ చెప్పేది క్యాథలిక్ పారిష్, గవర్నమెంటు పాత రికార్డుల్లో ఉండేది సివిల్ పారిష్, రెంటికీ పేరూ హద్దులూ కలవాలని రూలేం లేదు. డోనెగల్‌లోని గ్వీడోర్ గురించి చూద్దామని పారిష్‌ల లిస్టులో గ్వీడోర్ అని వెతికితే రాదు, ఎందుకంటే సివిల్ పారిష్ పేరు టల్లాహోబెగ్లీ, గ్వీడోర్ అనేది అందులో పడమటి భాగం. ఆ పేరు స్పెల్లింగ్ కూడా ఒక్కో రికార్డులో ఒక్కోలా ఉంటుంది, ఓపిక పట్టండి.

కాబట్టి పై నుంచి కిందకి కాదు, కింద నుంచి పైకి రండి. ముందు మీ టౌన్‌ల్యాండ్ పేరు కనుక్కోండి. టౌన్‌ల్యాండ్ అంటే టౌన్ ఏం కాదు, మన దగ్గర ఒక గ్రామం కింద శివారు ఉంటుంది చూడండి, దాదాపు అలాంటిది, కొన్ని వందల ఎకరాలు, పదో ఇరవయ్యో ఇళ్ళు. దేశం మొత్తం మీద ఇవి 60,000 పైనే ఉన్నాయి, సివిల్ పారిష్‌లు సుమారు 2,500. టౌన్‌ల్యాండ్స్ డాట్ ఐఈ అనే సైట్‌లో మ్యాప్ మీద మీ ఇంటి మీద క్లిక్ చేస్తే టౌన్‌ల్యాండ్, పారిష్, దాని పైన బారొనీ (కొన్ని పారిష్‌లు కలిపిన పాత విభాగం) అన్నీ చూపిస్తుంది. ఈ మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాత ప్రతి చోటా అవే అడుగుతారు.

పేరు దొరికాక దాని అర్థం చూడండి, లోగానిమ్ అనే సైట్‌లో ఐరిష్ రూపం ఉంటుంది. బ్యాలీ అంటే ఊరు, నాక్ అంటే గుట్ట, టబ్బర్ అంటే బావి, గోర్ట్ అంటే చేను, డెర్రీ అంటే ఓక్ తోపు. డెర్రీబెగ్ అంటే చిన్న ఓక్ తోపులు, ఇప్పుడక్కడ నిలబడి చూస్తే రాయీ గడ్డీ సముద్రపు గాలీ. కిల్ అని ఉంటే మాత్రం తొందరపడొద్దు, అది చర్చి అయినా అవ్వచ్చు, అడవి అయినా అవ్వచ్చు, ఐరిష్‌లో రెండు వేరే మాటలు ఇంగ్లీషులో ఒకటైపోయాయి.

ఆరంగుళాల మ్యాప్

ఇప్పుడు మ్యాప్ తెరవండి. 1824లో మొదలుపెట్టి 1846 కల్లా ఐర్లాండ్ మొత్తాన్ని మైలుకి ఆరంగుళాల లెక్కన గీసేశారు, థామస్ కోల్బీ అనే ఆర్మీ ఆఫీసర్ ఆధ్వర్యంలో. పన్నులు సరిగ్గా వేయడానికే ఇదంతా, ప్రేమతో కాదు. మనకి ఇందులో ఒక చుట్టరికం ఉంది: హైదరాబాద్ వైపు సర్వే నడిపిన ల్యాంబ్టన్ దగ్గర 1818 నుంచి సర్వే పని నేర్చుకున్న ఎవరెస్ట్, అవును ఆ శిఖరం పేరాయనే, 1829లో ఐర్లాండ్ వచ్చి కోల్బీ పద్ధతులు చూసి వెళ్ళాడు, ఎండకీ చలికీ పొడవు మారని కోల్బీ కొలత కడ్డీలు ఆ తర్వాత ఇండియా సర్వేకి వచ్చాయి.

సర్కారు మ్యాప్ వ్యూయర్‌లో పాత ఆరంగుళాల షీట్, శతాబ్దం చివర్లో వచ్చిన 25 అంగుళాల షీట్, ఇప్పటి శాటిలైట్, మూడూ ఒకదాని మీద ఒకటి వేసి మార్చి మార్చి చూడొచ్చు. చూసేటప్పుడు పెద్ద బంగళా దగ్గర ఆగిపోకండి, అందరూ అక్కడే ఆగుతారు. చిన్న అక్షరాలు చదవండి. సున్నపు బట్టీ, కొలిమి, పిండి మర, ఏరు దాటే రాళ్ళు, నేషనల్ స్కూల్ (ఇవి 1831 తర్వాతే వచ్చాయి, అంతకుముందు ఎక్కువగా కంచె పక్కన బడులే), చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ (అప్పటి సర్కారు ప్రొటెస్టెంట్ చర్చి) పాస్టర్ ఉండే గ్లీబ్ హౌస్. పౌండ్ అని రాసి చిన్న చతురస్రం ఉంటే అది డబ్బు కాదు, బందెలదొడ్డి. శిస్తు కట్టకపోతే, చర్చికి దశమభాగం కట్టకపోతే జప్తు చేసిన ఆవుని తోలుకొచ్చి పెట్టేది కూడా అక్కడే. గుండ్రంగా గీత ఉండి ఫోర్ట్ అని ఉంటే వెయ్యేళ్ళ పైబడిన మట్టి కోట, దాన్ని కదిలిస్తే దెయ్యాలూ అప్సరసలూ పట్టుకుంటాయని రైతులు నాగలి పెట్టేవాళ్ళు కాదు, ఇప్పటికీ చాలామంది పెట్టరు.

ఆ తర్వాత ఇళ్ళు చూడండి, ఇదే ముఖ్యం. పాత షీట్‌లో ఇళ్ళు గుప్పెడు గింజలు విసిరినట్టు ఒకే చోట గుంపుగా ఉండి, కొత్త షీట్‌లో రోడ్డు వెంట వరసగా విడివిడిగా మారిపోతే, మధ్యలో ఎవరో భూమిని చదరపు ముక్కలుగా కోసి పంచారని అర్థం. ఆ గుంపుని క్లాహన్ అంటారు, అక్కడి భూమి పద్ధతి రన్‌డేల్. అంటే అందరికీ మంచి నేలలో కొంచెం, చెడ్డ నేలలో కొంచెం, బురదలో కొంచెం. వినడానికి న్యాయంగానే ఉంటుంది, తరాలు మారి ముక్కలు ముక్కలయ్యాక చూడాలి. 1838లో గ్వీడోర్‌లో భూములు కొనడం మొదలుపెట్టిన లార్డ్ జార్జ్ హిల్ రాసిన దాని ప్రకారం అర ఎకరం చేనుకి 26 మంది వాటాదార్లు, ఒకాయనకైతే 32 చోట్ల ముక్కలుండేసరికి విసుగొచ్చి మొత్తం వదిలేసి పోయాడు. ఇంకోటి కూడా రాశాడు, దగ్గర్లోని ఒక ద్వీపంలో ముగ్గురికి కలిపి ఒక గుర్రం, తలా ఒక కాలికి నాడా వేయించారు, నాలుగో కాలు ఎవరిదీ కాదు కాబట్టి దానికి నాడా లేదు, గుర్రం కుంటిదైపోయింది. మర్యాదరామన్న కథలో నలుగురు కలిసి పెంచిన పిల్లి గుర్తొచ్చిందా? నాకైతే పగలబడి నవ్వొచ్చింది. కానీ ఈ కథలన్నీ రాసింది భూస్వామి, రన్‌డేల్ తీసేయాలని డిసైడ్ అయినాయన, కాబట్టి నవ్వుతూనే ఒక కన్ను తెరిచి ఉంచండి.

గ్రిఫిత్ లిస్టు, అంటే ఇక్కడి అడంగల్

రిచర్డ్ గ్రిఫిత్ అనే ఆయన 1847 నుంచి 1864 దాకా దేశమంతా తిరిగి ప్రతి కమతానికీ విలువ కట్టించాడు, డోనెగల్ వంతు 1850ల చివర్లో వచ్చింది. ఆస్క్ అబౌట్ ఐర్లాండ్ సైట్‌లో ఫ్రీ. అడంగల్ చదవడం వచ్చిన ఇంట్లో పుట్టిన వాళ్ళకి ఇది నల్లేరు మీద నడక: సాగు చేసేవాడి పేరు, ఎవరి దగ్గర కౌలు, ఏముంది, ఎంత విస్తీర్ణం, నేల విలువ, ఇంటి విలువ. నంబరు మ్యాప్ మీద ప్లాటు నంబరే, పక్కన చిన్న అక్షరం ఉంటే అది ఇల్లు.

ఇందులో మూడు గోతులున్నాయి, మూడింట్లోనూ నేను పడ్డా.

ఒకటి, ఇల్లు, ఆఫీసులు, భూమి అని రాసుంటుంది. అబ్బో పల్లెటూర్లో ఆఫీసులా అనుకున్నా. ఆఫీసు అంటే కొట్టం. ఆవుల పాక, పందుల దొడ్డి, గింజల గది, అవన్నీ ఆఫీసులే.

రెండు, విస్తీర్ణం ఎకరాలు, రూడ్లు, పర్చ్‌లలో ఉంటుంది. ఎకరానికి 4 రూడ్లు, రూడ్‌కి 40 పర్చ్‌లు. మన లెక్కలో రూడ్ అంటే సరిగ్గా 25 సెంట్లు లేదా 10 గుంటలు, నాలుగు పర్చ్‌లు ఒక గుంట. ఇక్కడి వాళ్ళు దీనికి కాలిక్యులేటర్ తీస్తారు, మనం నోటి లెక్కే. అయితే దీనికంటే ముందు 1823 నుంచి 1837 మధ్య రాసిన దశమభాగం పుస్తకాలు కూడా చూస్తే (నేషనల్ ఆర్కైవ్స్‌లో ఫ్రీ) అక్కడ ఎక్కువగా ఐరిష్ ఎకరం వాడారు, అది మామూలు ఎకరానికి 1.62 రెట్లు. ఈ సంగతి తెలీక ఒక కుటుంబం భూమి ముప్పై ఏళ్ళలో ఒకటిన్నర రెట్ల పైగా అయ్యిందని ఒక ఫ్రెండ్‌కి చాలా గొప్పగా కథ చెప్పేశా. పాపం వాళ్ళకేం పెరగలేదు, నా లెక్కే తప్పు.

మూడు, ఒకే పేరు మీద అయిదారుగురు. గ్వీడోర్‌లో గాలహర్ అని వెతికితే మన దగ్గర సుబ్బారావు అని వెతికినట్టే. పేరు పక్కన తండ్రి పేరో, రో అనో బాన్ అనో ఓగ్ అనో ఉంటుంది, అంటే ఎర్రోడు, తెల్లోడు, చిన్నోడు. మన ఎర్ర సుబ్బయ్య, నల్ల సుబ్బయ్య లాగే.

ఇప్పుడు రెండు నంబర్లు మనసులో పెట్టుకుని లిస్టు మళ్ళీ చదవండి, ఈసారి వేరేగా కనిపిస్తుంది. మొదటిది 4 పౌండ్లు. 1843 నుంచి విలువ 4 పౌండ్లు దాటని కమతాలకి పేదల పన్ను కౌలుదారు కాదు, భూస్వామి కట్టాలి. కరువొచ్చి ఆ పన్ను పెరిగేసరికి చిన్న కౌలుదారు భూస్వామి లెక్కలో నష్టమైపోయాడు, ఇంటి కప్పు పీకించేస్తే పన్ను మిగులుతుంది. రెండోది 1 రూడ్, అంటే పావు ఎకరం. 1847లో పెట్టిన షరతు ఏంటంటే పావు ఎకరానికి మించి భూమి ఉన్నవాడికి సర్కారు సాయం లేదు, తిండి కావాలంటే నేల వదులుకో. మన 25 సెంట్లు. అంతకంటే ఒక్క గుంట ఎక్కువ పట్టుకున్నందుకు పిల్లలకి గంజి దొరకలేదు. లిస్టులో ఇల్లు కాలమ్‌లో 5 షిల్లింగులు, నేల కాలమ్ ఖాళీ అని కనిపిస్తే (పౌండుకి 20 షిల్లింగులు) అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

కాగితంలో లేని వాళ్ళు

గ్రిఫిత్ లిస్టులో ఉన్నవాళ్ళు అసలు కాస్త నిలదొక్కుకున్న వాళ్ళు. ఒక్క పంట కాలానికి దుంపల మడి కౌలుకి తీసుకునేవాళ్ళు, గుడిసెకీ మడికీ బదులు రైతు దగ్గర రోజులు లెక్కన పని చేసేవాళ్ళు, వీళ్ళలో చాలామంది పేరు ఏ కాగితంలోనూ లేదు, పైగా లిస్టు చాలాచోట్ల కరువయ్యాక రాసింది. జనాభా లెక్కల్లో ఉండాలి కదా అంటే 1821 నుంచి 1851 దాకా ఇంటింటి కాగితాలు దాదాపు మొత్తం 1922లో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ దగ్గర రికార్డ్ ఆఫీసుతో పాటు కాలిపోయాయి. కానీ అచ్చయిన లెక్కలు మిగిలాయి. 1851 సెన్సస్ పుస్తకాల్లో ప్రతి టౌన్‌ల్యాండ్‌కీ 1841లో ఎంతమంది, ఎన్ని ఇళ్ళు, 1851లో ఎంతమంది, ఎన్ని ఇళ్ళు పక్కపక్కనే వేశారు. మీ టౌన్‌ల్యాండ్ లైను ఒక్కటి తీసి చూడండి. దేశం మొత్తానికి 81,75,124 నుంచి 65,52,385కి పడిపోయింది, పదేళ్ళలో. అదే 1841లో ఇళ్ళని నాలుగు తరగతులు చేశారు, ఆఖరి తరగతి ఒకే గది మట్టి గుడిసె, దేశంలో సుమారు 5 ఇళ్ళలో 2 అవే.

ఆ ఇంట్లో ఏముండేదో తెలుసుకోవాలంటే మా టల్లాహోబెగ్లీకి ఒక అదృష్టం ఉంది. 1837లో అక్కడి నేషనల్ స్కూల్ మాస్టారు ప్యాట్రిక్ మెకై లార్డ్ లెఫ్టినెంట్‌కి (ఐర్లాండ్‌లో బ్రిటిష్ రాజు ప్రతినిధి) ఒక అర్జీ రాశాడు. అయ్యా మేము పేదవాళ్ళం అని ఏడ్చి ఊరుకోలేదు ఆయన, మాస్టారు కదా, లెక్క రాశాడు. వేల మంది ఉన్న పడమటి పారిష్ మొత్తానికి బండి ఒకటి, నాగలి ఒకటి, పారలు 20, తినే ఫోర్కులు 7, కుర్చీలు 93, పీటలు 243, గూస్ బాతులు 27, టర్కీ కోళ్ళు 3, ఈకల పరుపులు 2, పొట్టు పరుపులు 8, చేతి గడియారాలు 3, గోడ గడియారం సున్నా, మూడు పెన్నీలకి మించిన అద్దం సున్నా, పండ్ల చెట్లు సున్నా. నేనైతే ఆ లిస్టు ఫోన్‌లో పెట్టుకుని మా ఇంట్లోనే కూర్చుని ఫోర్కులు లెక్కపెట్టా. పద్నాలుగు.

ఇప్పుడు బూట్లు వేసుకోండి

వెళ్ళాల్సింది నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య. ఎండాకాలంలో ఫెర్న్ మొక్కలు నడుం దాకా పెరిగి ఏమీ కనపడనివ్వవు. డిసెంబర్‌లో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు చేతికందేంత కిందే ఉంటాడు, పక్క నుంచి పడే ఆ వెలుగులో జానెడు ఎత్తు మట్టి కూడా నీడ వేస్తుంది. పల్చగా మంచు పడితే ఇంకా బాగా కనపడతాయి.

ఐర్లాండ్‌లో నచ్చిన పొలంలోంచి నడిచే హక్కు లేదు, కాబట్టి రైతుని అడగండి. నేనింతవరకు కాదనిపించుకోలేదు, కాకపోతే అడిగితే అరగంట మాట్లాడాలి, ఆ అరగంటలో సైట్లలో దొరకనివి చాలా దొరుకుతాయి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, రాతి గోడ ఎక్కకండి (సిమెంటు లేకుండా పేర్చినవి, రాయి జారితే మీ కాలూ పోతుంది ఆయన గోడా పోతుంది), గొర్రెలు ఈనే టైమ్‌లో కుక్కని తీసుకెళ్ళొద్దు, మెటల్ డిటెక్టర్ అసలే వద్దు, పర్మిషన్ లేకుండా పాత వస్తువుల కోసం వాడటం నేరం. బురదనేలలో మెరిసే పచ్చరంగు నాచు మీద కాలు వేయకండి, ఎండు హెదర్ పొదల మీదే నడవండి. నేను మోకాలి దాకా దిగిపోయా, బూటు అక్కడే ఉంది ఇప్పటికీ.

ఆ బురదనేల అంచున నిట్టనిలువుగా కోసిన నల్లటి గోడ కనిపిస్తే అది టర్ఫ్ కోసిన చోటు. వసంతం చివర స్లాన్ అనే పారతో ఇటుకల్లా కోసి, పరిచి, కాస్త ఆరాక అయిదారు కలిపి నిలబెట్టి, ఎండాక ఇంటి పక్కన పేర్చుకుంటారు. మన పిడకల కుప్ప చూసిన వాళ్ళకి వివరించక్కర్లేదు.

గీతలు దొరికాక అడుగులతో కొలవండి. గట్టు మూడు నాలుగడుగుల నుంచి ఆరడుగుల దాకా, మధ్యలో కాలువ. ఎంత ఎత్తు దాకా ఉన్నాయో చూడండి, ఇప్పటి రాతి గోడ పైన కూడా ఉంటే అంత పనికిరాని నేల దాకా మనుషులు తరిమేయబడ్డారని అర్థం. ఇల్లు కోసం చూస్తే మాత్రం రాతి గోడలు నిలబడి ఉన్న శిథిలం కాస్త ఉన్నోళ్ళది, లేదా తర్వాతది. మట్టి గుడిసె వానకి కరిగి మళ్ళీ మట్టైపోయింది. గడ్డి మధ్యలో ఉన్నట్టుండి నెటిల్స్ గుబురు, అదే తాకితే దద్దుర్లొచ్చే మొక్క, కనిపిస్తే అక్కడ మనుషులో పశువులో చాలాకాలం ఉండి ఉంటారు, ఆ బలం నేలలో ఇంకా మిగిలే ఉంటుంది.

మ్యాప్‌లో పవిత్ర బావి అని ఉంటే తప్పకుండా వెళ్ళండి. పక్కన చెట్టుకి గుడ్డపేలికలు కట్టి ఉంటాయి, మా ఆవిడ చూడగానే ముడుపులా అంది. సరిగ్గా అవే. 19వ శతాబ్దంలో ఏడాదికోసారి అక్కడ జాతర జరిగేది, ప్యాటర్న్ అంటారు, మోకాళ్ళ మీద ప్రదక్షిణలు, ఆ తర్వాత తాగుడూ కర్రలతో కొట్లాటలూ, చివరికి ఫాదర్లే చాలాచోట్ల ఆపించేశారు.

పిల్లల శ్మశానం అని ఉంటే మెల్లిగా వెళ్ళండి. దాన్ని కిల్లీన్ అంటారు. బాప్టిజం కాకుండా చనిపోయిన పసికందుల్ని చర్చి నేలలో పూడ్చనిచ్చేవాళ్ళు కాదు, అందుకని హద్దు గట్టునో పాత మట్టి కోటలోనో సముద్రం ఒడ్డునో, చాలాసార్లు రాత్రిపూట, తండ్రే తీసుకెళ్ళి పూడ్చేవాడు. పేర్లుండవు, పిడికెడంత రాళ్ళుంటాయి. ఫోటోలు తీయకండి.

చివరగా ఒక మడి వేసి చూడండి

బ్యాక్‌యార్డ్ ఉంటే ఇది చేయండి, చదివిందంతా అప్పుడు ఒంటికి తెలుస్తుంది. మార్చి 17 దగ్గర్లో, సెయింట్ ప్యాట్రిక్స్ డే లీవ్ ఉంటుంది కదా, నాలుగడుగుల వెడల్పున తాడు కట్టండి. మధ్యలో గడ్డి తవ్వకండి, దాని మీదే ఎరువు పరవండి, సముద్రం దగ్గరుంటే ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచు. దాని మీద మొలకొచ్చిన దుంపలు జానెడున్నర దూరంలో పెట్టండి. ఇప్పుడు రెండు పక్కలా గడ్డిని మట్టితో సహా పెళ్ళలుగా కోసి, గడ్డి వైపు కిందకి వచ్చేలా మడి మీదకి తిరగేయండి, కోసిన చోటు కాలువవుతుంది, నీళ్ళు అటే పోతాయి. మొక్క జానెడు పెరిగాక కాలువ మట్టి ఇంకాస్త పైకి ఎగదోయండి. ఇంగ్లీషోళ్ళు దీనికి సోమరి మడి అని పేరు పెట్టారు. నేను పన్నెండడుగుల మడి వేసి రెండ్రోజులు నడుం పట్టేసి ఆఫీసుకి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టా.

అప్పట్లో ఎక్కువమంది పేదలు వేసింది లంపర్ అనే రకం, ఎలాంటి నేలలోనైనా విపరీతంగా కాసేది, కష్టం చేసే మగమనిషి రోజుకి ఆరు కిలోల దాకా తినేవాడు, మజ్జిగ దొరికితే మజ్జిగతో. 1845 సెప్టెంబర్‌లో తెగులొచ్చింది ఆ పంటకే. ఆ తెగులు ఇంకా పోలేదు, వేసవిలో వెచ్చగా జల్లు పట్టిందంటే మెట్ ఏరన్ (ఇక్కడి వాతావరణ శాఖ) వాళ్ళు వాతావరణంతో పాటు బ్లైట్ వార్నింగ్ ఇస్తారు, ఆకు మీద నల్ల మచ్చలొస్తే ఆ కాడలు వెంటనే కోసి పారేయండి.

మీరు కూడా లేటుగా వచ్చే మెయిన్ క్రాప్ రకమే వేయండి, తొందరగా వచ్చేవి వేస్తే అసలు సంగతి తెలీదు. ఎందుకంటే పాత దుంపలు వసంతం చివరికి కుళ్ళిపోతాయి లేదా అయిపోతాయి, కొత్తవి ఇంకా ఊరవు, ఆ మధ్య నెలలకి ఐరిష్‌లో ఒక పేరుంది, క్యాబేజీ జూలై అని, అంటే తినడానికి అదే మిగిలేది. మా పాప జూలై మొదటి వారంలో ఆగలేక ఒక మొక్క మొదట్లో చెయ్యి పెట్టి తవ్వి ఒకటి తీసింది. నిమ్మకాయంత ఉంది. కాసేపు చూసి, మళ్ళీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పేసింది.